వేసవి కొండ నడకకి హుడ్ చొక్కా: అంతా బాగుంది, భుజం మీద కుట్టు తప్ప

నమస్తే అండీ. ఈ హుడ్ చొక్కాని కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. వీడియోకి డబ్బులు ఇవ్వలేదు, ఇది చెప్పు అది చెప్పొద్దు అని కూడా అనలేదు. బరువు, సైజులు, రంగులు మీరు ఇప్పటికే చూసుంటారు కాబట్టి వాటి జోలికి పోను. వేసవిలో ఇది వేసుకుని కొండెక్కితే ఎలా ఉంటుందో అది చెప్తాను.

ముందు హుడ్. దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను. "ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్, పైగా తల మీద ముసుగు, ఉడికిపోమా?" అని చాలామంది అడుగుతుంటారు. కొండల్లో లెక్క వేరండీ. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఒంటికి చల్లగా తగులుతుంటే ఎండ సంగతే గుర్తు రాదు. కానీ అదే 1000 మీటర్లకి అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. పైన మంచు ఉందంటే ఇంకా కష్టం. తాజా మంచు ఆ కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది, గడ్డం కింద కూడా చర్మం కాలుతుంది.

క్యాప్ పెట్టుకున్నా చెవులూ మెడ వెనక భాగమూ బయటే ఉంటాయి. సన్‌స్క్రీన్ చెమటకి కారిపోతుంది, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మెడ వెనక ఎంత రాశామో మనకి కనిపించదు కూడా. హుడ్ ఉంటే ఆ టెన్షనే లేదు. దీని మీద యూపీఎఫ్ 50 అని ఉంది. ఎండ నుంచి బట్ట ఎంత కాపాడుతుందో చెప్పే అంకె అది. 50 అంటే బట్ట మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతు మాత్రమే లోపలికి వస్తుంది. పలచటి తెల్ల కాటన్ టీషర్టుకి ఆ అంకె 5, 7 దగ్గరే ఉంటుంది, తడిస్తే ఇంకా పడిపోతుంది.

ఇదిగో, దగ్గరగా చూడండి. హుడ్ అంచు క్యాప్ మీదుగా ముందుకి వచ్చి ఆగుతోంది. గడ్డం దగ్గర రెండు వైపులా బట్ట ఒకదాని మీద ఒకటి వచ్చింది కదా, అందుకే గాలి కొట్టినా వెనక్కి ఎగిరిపోదు. ఇప్పుడు నేను తల పక్కకి తిప్పుతున్నాను, హుడ్ కూడా నాతోపాటే తిరిగింది చూశారా? నా పాత చొక్కాలో హుడ్ అక్కడే ఉండిపోయేది, ఒక కన్ను మూసుకుపోయేది. రాళ్ళ మీద దిగేటప్పుడు అది ప్రమాదం. ఇక జిప్ ఛాతీ మధ్య దాకా ఉంది. ఎక్కేటప్పుడు కిందికి లాగేస్తాను, పైన గాలి మొదలవగానే మెడ దాకా మూసేస్తాను. దేనికీ ఆగక్కర్లేదు. ఈ హుడ్ కుట్టినవాళ్ళు కచ్చితంగా కొండలు ఎక్కినవాళ్ళే అనిపించింది.

బట్ట పాలిస్టర్. చెమట తొందరగా ఆరుతుంది. కాటన్ చెమటని పీల్చుకుని పట్టుకుంటుంది. ఎక్కుతున్నంతసేపు ఒళ్ళు వేడిగా ఉంటుంది కాబట్టి హాయిగానే ఉంటుంది, పైన కూర్చోగానే వణుకు మొదలవుతుంది. తడి, గాలి కలిస్తే వేసవిలో కూడా ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే కొండకి కాటన్ వద్దని గట్టిగా చెప్తాను. దీనికి ముందు మెరీనో ఉన్ని, అంటే మెరీనో జాతి గొర్రెల సన్నటి ఉన్నితో చేసిన చొక్కా వాడాను. దాని గొప్పతనం వాసన పట్టకపోవడం, వరసగా రెండు మూడు రోజులు వేసుకున్నా పక్కవాళ్ళకి ఇబ్బంది ఉండదు. కాకపోతే పలచటి ఉన్ని, బ్యాగు నడుము బెల్టు ఒరుసుకుని చిల్లులు పడింది. ఈ పాలిస్టర్‌కి ఆ బాధ లేదు గానీ సాయంత్రానికి వాసన వస్తుంది. రాత్రి పిండి ఆరేస్తే పొద్దుటికి సిద్ధం.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన విషయం. ఇక్కడ, సరిగ్గా భుజం నెత్తిన, కుట్టు చూడండి. వేలితో తాకితే గట్టిగా, లావుగా తగులుతుంది. బ్యాగు పట్టీ కూర్చునేది కూడా సరిగ్గా ఇక్కడే. చిన్న బ్యాగుతో తెలియదు. టెంటూ నీళ్ళూ అన్నీ పెట్టి బరువు ఎక్కించామా, మధ్యాహ్నానికి కుట్టు చర్మంలోకి దిగబడుతుంది, చెమట ఉప్పు తోడై మంట. సాయంత్రం విప్పి చూస్తే రెండు భుజాల మీదా ఎర్రటి గీతలు. దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. రాగ్లాన్ స్లీవ్ అని ఉంటుంది, కుట్టు మెడ దగ్గర నుంచి చంకలోకి ఏటవాలుగా వెళ్తుంది, భుజం మీద ఏమీ ఉండదు. మామూలు వ్యాయామం బట్టలకే అలా కుడుతున్నారు. కొండ నడక కోసమే అని అమ్మే చొక్కాకి అలా కుట్టకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. హుడ్ మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు ఒక్కసారి బరువైన బ్యాగు వేసి చూసుంటే తెలిసిపోయేది.

మిగతా బట్టల గురించి రెండు ముక్కలు. ప్యాంటు వదులుగా, పలచగా, కాళ్ళ నిండా ఉండాలి, జీన్స్ వద్దు. సాక్సులు ఉన్నివో సింథటిక్‌వో తీసుకోండి, తడి సాక్సుల్లో రాపిడికే బొబ్బలు వస్తాయి. పొద్దున్న ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా వాన జాకెట్ బ్యాగులో ఉండాల్సిందే. వేసవిలో కొండవాలు వేడెక్కి గాలి పైకి లేచి, మధ్యాహ్నం దాటేసరికి ఉరుముల మబ్బులు కమ్ముతాయి.

పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే నడకలకి, చిన్న బ్యాగుతో వెళ్ళేవాళ్ళకి ఈ చొక్కా ధైర్యంగా తీసుకోమంటాను. టెంటు మోసుకుని రోజుల తరబడి నడిచేవాళ్ళు మాత్రం వద్దు. రేటింగ్ అడిగితే సగం మార్కులే ఇస్తాను, పోయిన సగం మొత్తం ఆ కుట్టుకే. కంపెనీ వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే నాదొకటే మాట: హుడ్‌నీ జిప్‌నీ ముట్టుకోకండి, భుజం కుట్టు మార్చండి. మార్చిన రోజున ఉచితంగా పంపక్కర్లేదు, నా డబ్బులతో నేనే కొనుక్కుంటాను.