రెండో డిస్క్ మౌంట్ కాక ఉబుంటు ఆగిపోతోందా? డిస్క్స్ యాప్ రివ్యూ

నమస్కారం. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఫోటో స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో ఉబుంటు వాడేవాళ్ల కోసం ఈ వీడియో. పెళ్లి ఫోటోలూ, తెలుగు, ఒడియా శుభలేఖల ఫైళ్లూ అన్నీ రెండో హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి కదా. పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద 90 సెకన్ల లెక్క నడుస్తుంది, తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి ఆగిపోతుంది. వెంటనే ఫార్మాట్ కొట్టేసి ఉబుంటు మళ్లీ ఎక్కించేస్తారు చాలామంది. దయచేసి ఆ పని చెయ్యకండి. మీ ఉబుంటు బాగానే ఉంది. ఒక్క లైను దగ్గర ఆగింది, అంతే.

ఆ లైను ఈటీసీ ఫోల్డర్‌లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఉంటుంది. ఏ పార్టిషన్, అంటే డిస్క్‌లోని ఏ భాగం, ఏ ఫోల్డర్ దగ్గర మౌంట్ కావాలో, అంటే ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవాలో, అందులో రాసి ఉంటుంది, లైనుకి ఆరు గడులు. అందులో రాసిన డిస్క్ కనపడకపోతే సిస్టమ్ 90 సెకన్లు చూసి, మొత్తం బూట్‌నే ఆపేస్తుంది.

ముందు బయటపడదాం. ఎంటర్ నొక్కండి, పాస్‌వర్డ్ అడిగితే రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ ఇవ్వండి. నానో అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిచి, రెండో డిస్క్ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి రీబూట్ చెయ్యండి. సేవ్ కావట్లేదంటే ఉబుంటు ఉన్న రూట్ పార్టిషన్ రీడ్ ఓన్లీలో, అంటే రాయడానికి వీల్లేకుండా, ఉన్నట్టు. స్క్రీన్ మీద ఉన్న రీమౌంట్ కమాండ్ కొట్టి మళ్లీ ప్రయత్నించండి. రూట్ ఖాతా లాక్ అయి ఉందని లోపలికి రానివ్వకపోతే, ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆ ఫైల్లోనే అదే లైను మార్చండి.

ఇప్పుడు కారణం. లైన్లో ఎస్‌డీబీ1 లాంటి పేరు రాసి ఉంటే, తప్పు అక్కడే ఉండొచ్చు. ఆ పేరు డిస్క్‌కి శాశ్వతం కాదు, ఇంకో డ్రైవ్ తగిలించి ఆన్ చేస్తే మారిపోగలదు. యూయూఐడీ, అంటే పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు, రాసి ఉంటే, బ్లాక్‌ఐడీ కమాండ్ చూపించే నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. పార్టిషన్‌ని ఫార్మాట్ చేస్తే ఆ నంబరు మారుతుంది. అసలు డిస్కే కనపడకపోతే సాటా కేబుల్, పవర్ కేబుల్ తీసి గట్టిగా పెట్టండి.

విండోస్‌తో కలిసి వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషనైతే ఫాస్ట్ స్టార్టప్‌ని అనుమానించండి. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా దిగదు, పార్టిషన్ సగం తెరిచినట్టే ఉంటుంది. విండోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేసి, చెక్‌డిస్క్ నడపండి.

ఇక డిస్క్స్ యాప్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైను మనం చేత్తో రాయక్కర్లేకుండా ఇదే రాసి పెడుతుంది. పార్టిషన్ ఎంచుకుని, గేర్ గుర్తు నొక్కి, ఎడిట్ మౌంట్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. యూజర్ సెషన్ డిఫాల్ట్స్ ఆపండి. ఐడెంటిఫై యాజ్ దగ్గర యూయూఐడీ ఉన్నదే ఎంచుకోండి. ఈ యాప్‌లో నాకు బాగా నచ్చింది ఒక్క మాట: నోఫెయిల్. అడగకుండానే రాసి పెడుతుంది. అది ఉంటే డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు. చేత్తో రాసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేదీ అదే.

నచ్చనిది కూడా ఉంది. చివరి రెండు గడుల్లో సున్నా, సున్నా వేస్తుంది. ఆఖరి గడి సున్నా అయితే బూట్‌లో ఎఫ్‌ఎస్‌సీకే, అంటే పార్టిషన్‌లో తప్పులు వెతికి సరిచేసే తనిఖీ, జరగదు. యూపీఎస్ లేకుండా కరెంటు పోతూ వస్తూ ఉండే చోట ఇది మంచిది కాదు. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్ అయితే ఆ గడిలో 2 వెయ్యండి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి సున్నాయే ఉంచండి. మార్చాక రీబూట్ చెయ్యకముందే ఫైండ్‌మౌంట్ వెరిఫై, ఆ తర్వాత మౌంట్ హైఫన్ ఏ కమాండ్లు కొట్టండి. తప్పుంటే అక్కడే తెలుస్తుంది.

చేత్తో ఎఫ్‌ఎస్‌సీకే నడిపేటప్పుడు పార్టిషన్ అన్‌మౌంట్ చేసి ఉండాలి, మౌంట్‌లో ఉండగా నడిపితే ఉన్న ఫైళ్లే చెడిపోవచ్చు. దానికంటే ముందు ఇదే యాప్‌లో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ ఆరోగ్యం చెప్పే లెక్కలు, చూడండి. 197 నంబరు, అంటే చదవలేక పెండింగులో ఉన్న సెక్టార్లు, సున్నా కాకుండా ఉంటే రిపేర్ జోలికి పోవద్దు, ముందు ఫోటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. 199 నంబరు, అంటే కేబుల్‌లో డేటా చెడిన లెక్క, పెరుగుతూ ఉంటే మాత్రం కేబుల్ మార్చి చూడండి.

నోఫెయిల్‌తో ఒక ప్రమాదం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. డిస్క్ మౌంట్ కాని రోజు ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. తెలియక అందులోకే ఫోటోలు కాపీ చేస్తే అవి రూట్ పార్టిషన్‌లో పడతాయి, అది నిండితే లాగిన్ కూడా కాకపోవచ్చు. మర్నాడు డిస్క్ మౌంట్ అయ్యాక ఆ ఫోటోలు కనిపించవు, దాని కింద దాగి ఉంటాయి. అందుకే డిస్క్ అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడు, ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ అనే కమాండ్ కొట్టండి. ఇక డిస్క్ లేని రోజు అందులో ఒక్క ఫైలు కూడా పడదు.