రాత్రి చార్మినార్: ఒక వీధి, పదిహేను కెమెరాలు

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ పాతబస్తీకి రాత్రిపూట గుంపుగా ఫోటోవాక్ (ఫోటోలు తీస్తూ నడక) వెళ్లేవాళ్లకు ముందు చెప్పాల్సింది కెమెరా గురించి కాదు, మందిని గురించి. చార్మినార్ పక్కనున్న గాజుల వీధి లాడ్ బజార్‌లోకి ఒక్కరు కెమెరాతో వెళ్తే గాజుల కొట్టాయన ‘ఆయియే’ అని పిలుస్తాడు. అదే పదిహేను మంది ఒకే కొట్టు ముందు గుమిగూడి లెన్సులు ఎత్తితే ఆయన బేరం చెడుతుంది, దారి మూసుకుపోతుంది, ఆయన ముఖం బిగుసుకుపోతుంది. వెలుతురు చాలక పాడయ్యే ఫోటోలకన్నా ఇలా పాడయ్యేవే ఎక్కువ. అందుకే పదిహేను మందైతే నాలుగు జట్లు చేయండి. ప్రతి జట్టులో గల్లీలు తెలిసినవారు ఒకరు, ఉర్దూ ధారాళంగా మాట్లాడేవారు ఒకరు ఉండాలి. ఒక మనిషి మీద ఒకసారి ఒక్క కెమెరా. రెండోవారు వేచి ఉండాలి.

అయితే మొదటి అరగంట మాత్రం అందరూ చార్మినార్ దగ్గర ఒకేచోట ఉండాలి, ఎందుకంటే ఆకాశం ఎవరి కోసమూ ఆగదు. హైదరాబాద్‌లో డిసెంబరులో పొద్దు దాదాపు 5.45కి, జూన్‌లో 6.50 ప్రాంతంలో కుంకుతుంది. ఆ తర్వాత 15 నుంచి 25 నిమిషాల మధ్య ఆకాశపు నీలం, కట్టడం మీది దీపాల పసుపు సమానంగా తూగుతాయి. ఆ పది నిమిషాలు దాటితే ఆకాశం నల్లటి మచ్చగానే వస్తుంది. సూర్యాస్తమయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే పార్కింగ్ వెతుకులాట తప్పుతుంది.

ఎక్కడ నిలబడాలి? చాలామంది 1591 నాటి చార్మినార్ పాదాల దగ్గరకే వెళ్లి, వైడ్ లెన్సు పైకెత్తి తీస్తారు. అప్పుడు నాలుగు మినార్లూ లోపలికి వాలిపోయి పడిపోతున్నట్టు కనిపిస్తాయి. దానికన్నా ఉత్తరంగా గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దాకా వెనక్కి రండి. చుట్టూ ఉన్న నాలుగు కమాన్లలో దక్షిణం వైపుది చార్మినార్ కమాన్. దాని కమానులోంచి చూస్తే చార్మినార్ నిటారుగా, చట్రంలో బిగించినట్టు కనిపిస్తుంది. 50 నుంచి 85 ఎంఎం లెన్సు సరిపోతుంది. మొబైల్‌తో తీసేవాళ్లు ఒక పరీక్ష చేసుకోండి. 3ఎక్స్ నొక్కి, మెయిన్ లెన్సు మీద వేలు పెట్టండి. తెర చీకటైతే చీకట్లో మీ ఫోను టెలీ (దూరాన్ని దగ్గరగా చూపే) లెన్సును పక్కనపెట్టి మెయిన్ లెన్సు బొమ్మనే కోసి పెద్దది చేస్తోందన్నమాట. అలాంటప్పుడు 1ఎక్స్‌లో తీసి ఇంట్లో కత్తిరించుకోవడమే మేలు.

స్టాండుతో అయితే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 2 సెకన్లతో మొదలుపెట్టండి. చేతిలో పట్టుకుని తీస్తే ఐఎస్ఓ 1600, ఎఫ్/4, 1/30 సెకను. స్టాండు మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపి, 2 సెకన్ల టైమర్ వాడండి. ఫోకస్ కుదిరిందో లేదో తెలియాలంటే మినార్ల మధ్యనున్న గడియారాన్ని తెర మీద పెద్దది చేసి చూడండి. 1889లో పెట్టిన ఆ గడియారాల అంకెలు విడివిడిగా కనిపిస్తే బొమ్మ పదునుగా వచ్చినట్టే. ఇంకో మాట, చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ఆవరణలో అనుమతి లేకుండా స్టాండు పెట్టకూడదు. బయట రద్దీలో కూడా స్టాండు కాళ్లకు జనం తట్టుకుంటారు. పత్తర్‌గట్టి వరండాల్లో రాతి స్తంభాలున్నాయి. భుజం వాటికి ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కితే 1/8 సెకనులో కూడా నిలకడగా వస్తుంది.

ఇక లాడ్ బజార్. అక్కడ అందరినీ ఏడిపించేది ఎల్ఈడీ వెలుగు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది, కాబట్టి చవక ఎల్ఈడీ పట్టీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, షట్టర్‌కు తెలుస్తుంది. 1/500 సెకనులో తీస్తే ఆ మినుకులో ఒక ముక్కే పడి, బొమ్మ మీద అడ్డంగా నల్లచారలు వస్తాయి. సైలెంట్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్) షట్టర్‌లో ఇది మరీ దారుణం. 1/100లో ఒక పూర్తి మినుకు, 1/50లో రెండు పడతాయి కాబట్టి చారలు పోతాయి. అందుకే ఆ వీధిలో షట్టర్‌ను 1/100 దగ్గర కట్టేసి, ఎఫ్/2.8 పెట్టి, ఐఎస్ఓను 800 నుంచి 1600 మధ్య కదుపుకోండి. అప్పటికీ చారలొస్తే ఆ దీపం డ్రైవర్ (దానికి కరెంటు సర్దే భాగం) వేరే లెక్కన మినుకుతోందన్నమాట. పక్క కొట్టుకు జరగండి. ఒక కొట్టులో తెల్ల వెలుగు, పక్క కొట్టులో పసుపు వెలుగు ఉంటాయి కాబట్టి ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే రంగు సర్దుబాటు) ఫోటో ఫోటోకూ రంగు మారుస్తుంది. 4000 కెల్విన్ దగ్గర బిగించి, రా ఫైల్‌లో (తర్వాత రంగులు సరిదిద్దుకునే ఫైలు) తీయండి.

ఇప్పుడు లక్క గాజులు చేసే చోటికి వద్దాం. అక్కడ తొందరపడితే నష్టం మీకే. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది, వేళ్లు దాన్ని సాగదీసి గుండ్రంగా వంచుతాయి, చల్లారేలోగా రాళ్లు ఒక్కొక్కటే అందులో కూర్చుంటాయి. నిలబడి పైనుంచి తీస్తే నడినెత్తి, వంగిన వీపు తప్ప ఏమీ రావు. అడిగి కింద కూర్చోండి, లెన్సు ఆ చేతుల ఎత్తులో ఉండాలి. అడుగున్నర దూరంలో 50 ఎంఎం లెన్సును ఎఫ్/2లో పెడితే పదునుగా వచ్చే మందం సుమారు ఒక సెంటీమీటరే. రాయి పదునుగా వస్తే గోరు మసకబారుతుంది. ఎఫ్/4కు మూయండి, ఫోకస్ రాయి పట్టుకున్న వేలికొన మీద ఉంచండి. రాళ్ల తళుకు తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు (అంటే వెలుగును సగానికి) తగ్గించండి. ఫ్లాష్ వద్దు. కుంపటి ఎరుపును అది చంపేస్తుంది, వేడి లక్క చేతిలో ఉన్న మనిషి ఉలిక్కిపడితే వేళ్లు కాలతాయి.

అడగడం ఎలా? కెమెరా కిందికి దించి, ‘భాయ్‌సాబ్, ఏక్ ఫోటో లేలూఁ?’ అనండి. ‘నక్కో’ (వద్దు) అంటే అక్కడితో సరి, దూరం నుంచి జూమ్‌తో దొంగచాటుగా తీయడం ఆ మాటను తోసేయడమే. బురఖాలో ఉన్నవారిని దగ్గరగా తీయకండి. పిల్లలైతే పెద్దవాళ్లను అడగండి. మక్కా మసీదు దగ్గర నమాజు వేళ కెమెరాలు సంచుల్లోనే ఉండాలి. రంజాన్ చివరి పది రోజుల్లో వీధి నేల కనబడనంతగా నిండుతుంది. అప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్లండి, పదిహేను మందితో వద్దు.

హలీం బట్టీ దగ్గర ఆవిరి కావాలంటే, దీపం ఆవిరికి వెనక ఉండేలా మీరు ఎదురుగా నిలబడాలి. దీపం మీ వెనక ఉంటే ఆవిరి కనిపించదు. అక్కడి నుంచి బయటికి రాగానే మొబైల్ లెన్సు తుడవండి. వేలి జిడ్డు అంటిన లెన్సులో ప్రతి దీపానికీ పొడవాటి గీత సాగుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేయలేదు, శుభ్రమైన గుడ్డ తీసేస్తుంది. ఏసీ కారులోంచి దిగినవాళ్లు వానాకాలంలో సంచి జిప్పు ఓ 20 నిమిషాలు తెరవొద్దు, చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది.

చివరగా ఒక చిన్న పని. మనిషిని తీసిన వెంటనే ఆ కొట్టు బోర్డును కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మర్నాటికి అన్ని గాజుల కొట్లూ ఒకేలా అనిపిస్తాయి. నాలుగు బై ఆరు ప్రింటు తీసుకుని వారంలోగా తిరిగి వెళ్లినప్పుడు ఎవరి ఫోటో ఎవరికివ్వాలో ఆ బోర్డే చెబుతుంది.