పిప్పి నిలబడింది, ప్లాన్ పడుకుంది

(కాకినాడలో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కణ్ణుంచి యానాం రోడ్డు పట్టుకుని పోతే కోరంగి వస్తుంది. మీలో చాలామంది మడ అడవి చూడ్డానికి అక్కడికి వెళ్లే ఉంటారు. ఆ కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపానులో సముద్రం ఊరి మీద పడి రేవును ఊడ్చేసింది. దానికి కాస్త ముందు నుంచే మన కోస్తా మనుషులు చెరకు తోటల్లో కూలికి మారిషస్ ఓడలెక్కడం మొదలైంది. ఆ దీవిలో మనవాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు అలా పడింది. ఇవాళ్టికీ అక్కడ ఉగాదికి సెలవు.

చుట్టరికం చెప్పాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను. నేను జిల్లా స్థాయిలో ప్రణాళికల ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. బీరువాలో చేరిన ప్లాన్లు బోలెడు చూశాను. అట్ట మీద పచ్చటి చేను బొమ్మ, లోపల పట్టికలు, చివర ‘అమలు’ అనే రెండు పేజీలు. ఆ రెండు పేజీలు ఎవరూ తిప్పరు, రాసినవాళ్లతో సహా. అందుకే ఎక్కడ ఏ ప్లాన్ కనిపించినా నేను ముందు ఒకటే అడుగుతాను. ఇది ఆగిపోతే మర్నాడు పొద్దున నష్టపోయేది ఎవరు? జవాబు దొరక్కపోతే ఆ ప్లాన్ మీద నాకు పెద్దగా ఆశ ఉండదు.

మారిషస్ ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు. పొద్దున కారులో బయల్దేరితే సాయంత్రానికి చుట్టి రావచ్చు. జనాభా పన్నెండున్నర లక్షల చిల్లర. పెట్రోలు లేదు, బొగ్గు లేదు, ఇనుము లేదు. తినే తిండిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఓడ దిగి రావాల్సిందే. డీజిల్, పెట్రోలు చాలా ఏళ్లు మన మంగళూరు రిఫైనరీ నుంచే వెళ్లాయి. మనకు బియ్యం తగ్గితే పక్క జిల్లా నుంచి లారీ వస్తుంది. వాళ్లకు పక్క జిల్లా అంటే హిందూ మహాసముద్రం.

1961లో జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ దీవి మీద ఒక నివేదిక రాశాడు. ఆయనకు తర్వాత నోబెల్ కూడా వచ్చింది. జనం పెరిగిపోతున్నారు, పంట చెరకొక్కటే, ఎగుమతి పంచదారొక్కటే, దీని భవిష్యత్తు కష్టమే అని దాదాపు చేతులెత్తేశాడు. ఆయన లెక్క తప్పింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది, 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం వచ్చింది, బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ వెనకే టూరిస్టులు. 1975 నుంచి యూరప్ దేశాలు ఏటా ఐదు లక్షల టన్నుల పంచదారను మంచి ధరకు కొంటామని మాట ఇచ్చాయి. ఈ కథ మీకు ఎకనామిక్స్ పుస్తకంలో దొరుకుతుంది, వదిలేస్తున్నాను.

2008కి వద్దాం. ఆ ఏడాది ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు తాకింది. అన్నీ దిగుమతి చేసుకునే దీవికి అది ఎలాంటి దెబ్బో ఊహించండి. ప్రధాని నవీన్ రాంగులాం ‘మోరీస్ ఈల్ ద్యురాబ్ల్’ అనే జాతీయ పథకం ప్రకటించారు. ఫ్రెంచి మాట, ‘మన్నే మారిషస్’ అనుకోవచ్చు. ఇంధనం, పర్యావరణం, ఉపాధి, విద్య, సమానత్వం, ఈ ఐదూ దాని స్తంభాలు. పెట్రోలు మీద, బొగ్గు మీద చిన్న సుంకం వేసి ఒక నిధి పెట్టారు. జనంతో సంప్రదింపులు, వర్కింగ్ గ్రూపులు, 2011లో చర్చాపత్రం, 2013లో తుది వ్యూహం. పద్ధతిలో తప్పు పట్టడానికి లేదు. మా ఆఫీసుల్లో అయితే ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే ఒక మీటింగు, నాలుగు ఫొటోలు, సమోసాలు. వాళ్లు నిజంగానే కూర్చోబెట్టి అడిగారు.

మరి ఏమైంది? ఒక పక్క ఈ పచ్చ పథకం నడుస్తుండగానే ఇంకో పక్క 110 మెగావాట్ల కొత్త బొగ్గు ప్లాంటుకు అనుమతుల ఫైలు కదులుతూ ఉంది. 2013 జనవరిలో దాన్ని ఆపమని నిరాహార దీక్షకు కూర్చున్నారు. 2014 డిసెంబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు బొగ్గు ప్లాంటునూ పక్కన పెట్టారు, పాత ప్రధాని పేరు అంటుకున్న పచ్చ పథకాన్నీ పక్కన పెట్టారు. దాని కార్యాలయం మూతపడింది. వీధిలోకి వచ్చి అడిగినవాడు లేడు. ఎందుకు అడుగుతాడు? అది ఆగిందని ఎవరి ఇంట్లోనూ బల్బు ఆరలేదు, ఎవరి జీతమూ ఆగలేదు. 2025 నాటికి కరెంటులో 35 శాతం స్థానిక వనరుల నుంచి రావాలని 2009లో రాసుకున్నారు. ఈ మధ్య ఏళ్లలో అది 20 శాతం దగ్గర్లోనే ఊగుతోంది.

ఇప్పుడు పిప్పి కథ చెబుతాను. ఇది నాకు ఇష్టమైన భాగం, టైము కాస్త ఎక్కువ తీసుకుంటే క్షమించండి.

బజార్లో చెరకు రసం బండి దగ్గర నిలబడండి. గడ మూడుసార్లు మిషన్లో పోయాక పక్కన బుట్టలో పడేది పిప్పి. టన్ను చెరకు ఆడితే దాదాపు మూడొందల కిలోల పిప్పి వస్తుంది, అందులో సగం తడే. పాతకాలం చక్కెర ఫ్యాక్టరీ దీన్ని బాయిలర్లో తగలేసి తన పని గడుపుకునేది. పొదుపుగా కాల్చితే పిప్పి మిగిలి కొండలా పేరుకుంటుంది, దాన్ని ఎత్తిపోయడానికి మళ్లీ ఖర్చు. అందుకని కావాలనే ఎక్కువ కాల్చేవాళ్లు. ఆ బాయిలర్లలో ఆవిరికి ఇరవై బార్ల ప్రెషరుంటే గొప్ప (బారు అంటే ప్రెషరు కొలత). ఒక రకంగా అవి చెత్త తగలబెట్టే పొయ్యిలే.

1957లో అక్కడ ఒక చక్కెర మిల్లు తనకు మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మింది. చిన్న బేరం. కరెంటు బోర్డు కొంటానంటే మిల్లు మంచి బాయిలరు పెడుతుంది, కొనకపోతే పొయ్యే చాలు. ఈ ముక్క అర్థమయ్యాక 1991లో ప్రభుత్వం పిప్పి విద్యుత్తు కార్యక్రమమే పెట్టింది. బోర్డు ఫలానా ధరకు ఇన్నేళ్లు కొంటుందని పదిహేను, ఇరవై ఏళ్ల ఒప్పందాలు రాసుకున్నారు. 2000లో బెల్ వ్యూ అనే చోట 70 మెగావాట్ల ప్లాంటు వచ్చింది, దాని బాయిలరు ప్రెషర్ 82 బార్లు. పాత పొయ్యి ఎక్కడ, ఇదెక్కడ!

చిన్న మిల్లులు అంత పెట్టుబడి మోయలేవు కాబట్టి వాటిని మూసి పెద్దవాటిలో కలుపుతూ పోయారు. స్వాతంత్ర్యం నాటికి ఇరవైకి పైగా ఉన్న మిల్లులు ఇవాళ మూడు. మిల్లు మూతపడటమంటే ఏమిటో గోదావరి జిల్లాల్లో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ పని పోయినవాళ్లకు సొమ్ముతో పాటు ఇంటి స్థలం ఇచ్చారు. 1994లో ఒక ట్రస్టు పెట్టి చిన్న రైతులకూ మిల్లు కార్మికులకూ వాటాలు ఇచ్చారు, ఆ ట్రస్టుకు విద్యుత్ ప్లాంట్లలోనూ భాగం వచ్చింది. అంటే పిప్పి మండినంత కాలం మిల్లు యజమానితో పాటు అర ఎకరం చెరకు వేసినవాడికీ అందులో ఎంతో కొంత లాభం ఉంటుంది. ఆగితే ఎవరు నష్టపోతారన్న నా ప్రశ్నకు ఇక్కడ జవాబుంది. అందుకే ప్రధానులు మారినా ఇది ఆగలేదు. ఒక దశలో దేశం కరెంటులో ఆరో వంతు పిప్పి నుంచే వచ్చింది.

అయితే దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగడానికి నేను రాలేదు. పిప్పికి సీజనుంది. గానుగాట జూన్, జూలైల్లో మొదలై డిసెంబరుతో సరి. పిప్పి తడి సరుకు, జాగా తినేస్తుంది, ఏడాదంతా నిల్వ చేయలేం. మరి జనవరి నుంచి ఆ 82 బార్ల బాయిలర్లో ఏం వేస్తారు? బొగ్గు. ఎక్కువగా దక్షిణాఫ్రికా బొగ్గు. అదే పొయ్యి, అదే ఒప్పందం, ఆరు నెలలు పచ్చన, ఆరు నెలలు నల్లన. చెరకు పేరు చెప్పి బొగ్గుకు దారి వేశారని అక్కడి పర్యావరణవాదులు అంటారు. కాదనలేను.

ఇంకోటి. యూరప్ 2006 నుంచి పంచదార ధరను అంచెలంచెలుగా 36 శాతం కోసేసింది. చెరకు గిట్టక రైతులు పొలం వదిలేశారు. సముద్రం కనపడే పొలాల్లో విదేశీయులకు విల్లాలు లేచాయి. దానికీ 2002లోనే ఒక పథకం ఉంది. ఒక శాఖ చెరకుతో కరెంటు తీయాలంటుంది, ఇంకో శాఖ చెరకు తీసేసి విల్లా కట్టమంటుంది. 1973లో ఏడు లక్షల టన్నులు దాటిన పంచదార ఇప్పుడు రెండున్నర లక్షల లోపు. పంచదార తగ్గితే పిప్పి తగ్గుతుంది, ఆ ఖాళీలోకి బొగ్గు, చమురు వస్తాయి. 2030కల్లా బొగ్గు మానేస్తామని, 60 శాతం పునరుత్పాదక విద్యుత్తు తెస్తామని మళ్లీ రాసుకున్నారు. నేనైతే ఆ కాగితంలో శాతాలకంటే ముందు, గడ వేసే రైతుకు పిప్పి మీద ఎంత ముడుతుందో చూస్తాను.

చివరగా ఒక సంగతి. 2020 జూలై 25న ‘వకాషియో’ అనే పెద్ద ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ ఎక్కి కూర్చుంది. పన్నెండు రోజులు అలాగే ఉంది. చమురు ఒలికితే ఏం చేయాలో చెప్పే జాతీయ ప్రణాళిక ఆ దేశానికి ఎప్పటినుంచో ఉంది. ఆగస్టు 6న ట్యాంకు పగిలి, దాదాపు వెయ్యి టన్నుల చమురు మడుగులోకి వచ్చింది. ఆ చమురు ఒంటికి అంటించుకోవద్దు, మాకు వదిలేయండి అని సర్కారు జనానికి చెప్పింది. జనం వినలేదు. మాయెబూర్ రేవు దగ్గర చేరి, ఎండు చెరకు ఆకును వలల్లో, గుడ్డల్లో కూరి, పొడవాటి దిండ్లలా కుట్టి నీళ్లలో అడ్డంగా వేశారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. చమురు పట్టుకుంటుందని కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు.

అది ఆగస్టు కాబట్టి పొలాల్లో కోతలు నడుస్తున్నాయి, ఎండాకు కుప్పలుగా ఉంది. ఆ ఓడ ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఏం కూరేవాళ్లో! విల్లాల లాన్లలో గడ్డి కోసుకోవాలేమో. ఇక మీరు అడగండి, వెనక వరుసలో ఎవరో చెయ్యెత్తినట్టున్నారు.