బహామాస్ క్రూజ్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదా? ఎవరికి?

"బహామాస్ క్రూజ్‌కి పాస్‌పోర్ట్ అవసరం లేదంట!" ఈ ముక్క వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. అబద్ధమేం కాదు. కాకపోతే ముందుండాల్సిన రెండు మాటలు దారిలో ఎక్కడో రాలిపోయాయి: "అమెరికన్ సిటిజన్లకి". ఆ రెండూ తీసేసి ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం.

ఒక ఓడ అనుకుందాం. శుక్రవారం మయామీలో బయల్దేరి, బహామాస్‌లోని నసావులో ఆగి, సోమవారం మళ్ళీ మయామీ. ఎక్కిన పోర్టులోనే దిగే ఇలాంటి ట్రిప్‌ని క్లోజ్డ్ లూప్ అంటారు. ఈ ఓడలో పక్కపక్క గదుల్లో నలుగురున్నారు.

[స్క్రీన్ మీద: నాలుగు గది తలుపులు]

మొదటి గదిలో సిటిజన్. 2009 జూన్ నుంచి ఉన్న రూల్ ప్రకారం, క్లోజ్డ్ లూప్ అయితే ఈయనకి బర్త్ సర్టిఫికెట్, ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ చాలు. 16 ఏళ్ళలోపు పిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. అది స్టేట్ లేదా కౌంటీ ఇచ్చినదై ఉండాలి, ఆసుపత్రివాళ్ళు పాపాయి పాదముద్రలేసి ఇచ్చేది పనికిరాదు. రియల్ ఐడీ డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే చూపిస్తే కూడా కుదరదు, దాంతో పౌరసత్వం రుజువు కాదు.

అయినా నన్నడిగితే ఈయన కూడా పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి. నసావులో షాపింగ్ చేస్తూ ఓడ తప్పిపోయిందంటే ఇంటికి రావాల్సింది విమానంలో, దానికి పాస్‌పోర్ట్ పుస్తకమే కావాలి. పాస్‌పోర్ట్ కార్డు ఓడకి పనికొస్తుంది గానీ అంతర్జాతీయ విమానానికి చెల్లదు.

రెండో గదిలో గ్రీన్ కార్డ్ హోల్డర్. తిరిగొచ్చేటప్పుడు మయామీలో గ్రీన్ కార్డ్ చూపిస్తే సరిపోతుంది. కానీ దారిలో ఆగే దేశం, క్రూజ్ కంపెనీ తన సొంత దేశం పాస్‌పోర్ట్ అడగొచ్చు. రెండూ ఒరిజినల్స్ దగ్గరుండాలి.

మూడో గది దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. హెచ్-1బి, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నాయన. ఐ-797 (ఆ స్టేటస్ మంజూరైందని వచ్చే కాగితం) ఇంకో రెండేళ్ళుంది, ఉద్యోగం భేషుగ్గా ఉంది, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు మాత్రం తీరిపోయింది. "దేశంలో ఉండటానికి స్టాంప్ అక్కర్లేదు కదా" అంటారు. ఉండటానికి అక్కర్లేదు, మళ్ళీ లోపలికి రావడానికి కావాలి. ఓడ నసావు వెళ్ళిందంటే మీరు అమెరికా బయటికి వెళ్ళినట్టే. నేను దిగను, గదిలోనే కూర్చుంటానంటే కుదరదు. కంపెనీవాళ్ళ ప్రైవేట్ ఐలాండ్ ఒక్కటే చూసొస్తామన్నా అంతే, కోకోకే లాంటివి బహామాస్ భూమే.

"ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందిగా?" ఉంది. గడువు తీరిన వీసాతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు అది. బయట గడిపింది 30 రోజులకి మించకూడదు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) చెల్లుబాటులో ఉండాలి, ఆ ట్రిప్‌లో కొత్త వీసాకి అప్లై చేసి ఉండకూడదు. అసలు మెలిక ఏంటంటే, హెచ్-1బికి ఇది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. బహామాస్ లాంటి దీవులు అందులో లేవు. అంటే లాస్ ఏంజెలస్‌లో ఎక్కి మెక్సికోలోని ఎన్సెనాడా చూసొచ్చే ఓడ ఈయనకి పనికొస్తుంది, మన మయామీ-నసావు ఓడ పనికిరాదు. మధ్యలో మెక్సికోలోని కోజుమెల్ కూడా ఉంది కదా అంటారేమో, ఒక్క నసావు కలిసినా కథ కంచికే.

నాలుగో గదిలో ఎఫ్-1 విద్యార్థి. ఈయన వీసా స్టాంప్ గడువూ తీరిపోయింది, కానీ ఈయన వెళ్ళొచ్చు! ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాలకి ఆ వెసులుబాటు క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకీ ఉంది. కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద కాలేజీవాళ్ళ ట్రావెల్ సిగ్నేచర్ తాజాగా ఉండాలి. చెక్-ఇన్ కౌంటర్‌లో అందరికీ ఈ రూల్ తెలియకపోవచ్చు, ప్రింట్ దగ్గర పెట్టుకోండి. కౌంటర్‌లో ఆపేస్తే టికెట్ డబ్బులు కూడా రావు.

ఇంకోటి. మూడో గదిలోని హెచ్-1బి దంపతులకి అమెరికాలోనే పుట్టిన పాప ఉంటే, పాపకి బర్త్ సర్టిఫికెట్ చాలు. పాపకి సరిపోయింది కదా అని అమ్మానాన్నలకి సరిపోదు.

[స్క్రీన్ మీద: సియాటిల్-అలాస్కా మ్యాప్]

అలాస్కాకి వద్దాం. "అలాస్కా అమెరికాలోదేగా, వీసాలెందుకు?" 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా పోర్టులో ఎక్కించుకున్నవాళ్ళని తిప్పి అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ పోర్టులో ఆగాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు కొన్ని గంటలకైనా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారత పాస్‌పోర్ట్ మీద హెచ్-1బిలో ఉన్నవాళ్ళకి కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్, కార్డు చాలు, వీసా అక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

గ్రీన్ కార్డ్ అప్లికేషన్, అంటే ఐ-485, పెండింగ్‌లో ఉందా? ఉద్యోగ వీసాలైన హెచ్, ఎల్ స్టేటస్‌లో లేనివాళ్ళు అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చేతిలో లేకుండా ఓడెక్కితే ఆ అప్లికేషన్ని వదులుకున్నట్టే లెక్క. స్టేటస్ మార్పు (ఒక రకం వీసా స్టేటస్ నుంచి ఇంకోదానికి) పెండింగ్‌లో ఉన్నా అదే గతి.

పాస్‌పోర్ట్ గడువు ఆరు నెలలు ఉండాలంటే, లెక్క ట్రిప్ ముగిసే రోజు నుంచి వేసుకోండి.

బుకింగ్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉంటే తంటా. వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంతపేరు తెలియదు) అని పడినవాళ్ళు ఏ పేరు ఎక్కించాలో కంపెనీకి ముందే ఫోన్ చేసి రాయించుకోండి.

పిల్లలతో తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్తుంటే రెండోవాళ్ళ నోటరీ చేసిన అనుమతి పత్రం ఉంచుకోండి.

తిరిగొచ్చాక ఆన్‌లైన్‌లో ఐ-94 చూసుకోండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే ఆ తేదీకే కత్తిరించి ఇచ్చే అవకాశం ఉంది.

ఇక కాగితాలన్నీ చేతిసంచిలోనే. పోర్టు గుమ్మంలో కూలీకి ఇచ్చిన సూట్‌కేస్ గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, చెక్-ఇన్ కౌంటర్ మాత్రం ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు.