డబ్బిచ్చినవాళ్లు కూడా లెక్క చెప్పాలి

హోస్ట్: అందరికీ నమస్కారమండి. ఈసారి అమలాపురంలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం, మధ్యలో రోడ్డు మీద హారన్లు వినపడితే సర్దుకోండి. మనతో ఉన్న అక్క లంక ఊళ్లల్లో మంచినీళ్లు, ఆడపిల్లల చదువు, వరదల సాయం, వీటి మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. పేరు, సంస్థ పేరు చెప్పకుండా మాట్లాడతానన్నారు, ఎందుకంటే ఈరోజు విషయం డబ్బిచ్చేవాళ్ల గురించి. అక్కా, డొంకతిరుగుడు లేకుండా అడుగుతున్నాను. ఫౌండేషన్లు, ట్రస్టులు, కంపెనీల సీఎస్ఆర్ వాళ్లు, అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టే బాధ్యత చూసేవాళ్లు, వీళ్లంతా మిమ్మల్ని లెక్కలు అడుగుతారు కదా. మరి వాళ్లని అడిగేదెవరు?

అతిథి: ఎవరూ అడగరు తమ్ముడూ, నా బాధంతా అదే. మూడు నెలలకోసారి రిపోర్టు పంపిస్తాం, డబ్బు దేనికి వాడామో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తాం, ఆడిట్ అవుతుంది, జీపీఎస్ పడే ఫొటోలు తీసి అప్‌లోడ్ చేస్తాం. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు, పరాయి సొమ్ము తీసుకున్నాక పైసా పైసాకీ జవాబు చెప్పాల్సిందే. కానీ ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నారు, పక్క ఊరిని ఎందుకు వదిలేశారు, ఎన్నేళ్లు ఇస్తారు, ఎప్పుడు ఆపేస్తారు అని మేం అడిగితే, బోర్డు నిర్ణయమండి అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. ఊళ్లోవాళ్లకైతే ఆ మాట కూడా చేరదు.

హోస్ట్: ఏదైనా ఒక ఊరి సంగతి చెప్పండి.

అతిథి: సముద్రం దగ్గర్లో ఒక ఊరు, బోరు వేస్తే ఉప్పునీళ్లే. అక్కడ ఎవరో పెద్ద మనసుతో ఆర్వో ప్లాంట్ పెట్టించారు. మంచి పని, నేను కాదనను. గోడకి నల్లరాతి శిలాఫలకం ఉంది. ఎవరి చేతుల మీదుగా ప్రారంభమైందో, ఎవరు గౌరవ అతిథులో, ఎవరి జ్ఞాపకార్థమో, తేదీతో సహా బంగారు రంగు అక్షరాల్లో చెక్కించారు. ఎంత ఖర్చయిందో లేదు. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పాడైతే మార్చేది ఎవరో లేదు. కరెంటు బిల్లు పంచాయతీ కడుతుందా, క్యాన్ల మీద వచ్చే డబ్బుల్లోంచి కట్టాలా, అదీ లేదు. ఆగిపోయిన రోజున ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ రాయి ముందు నిలబడి అందులో పేర్లు చదువుకోవాలి తప్ప, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియదు. సర్పంచిగారిని అడిగితే మాకేం కాగితం ఇవ్వలేదమ్మా అన్నారు.

హోస్ట్: ఒప్పంద పత్రం అంటూ ఏమీ లేదా?

అతిథి: ఉండే ఉంటుంది, దాతకీ ప్లాంట్ బిగించిన కాంట్రాక్టరుకీ మధ్య. ఊరికి దాని కాపీ ఇవ్వలేదు. అదే ఊళ్లో పంటకాలువ దగ్గరికి వెళ్లు. పూడికతీత ఉపాధి హామీ పని అయితే అక్కడ ఒక బోర్డు ఉండాలి, పని పేరు, అంచనా విలువ, కూలికెంత, సామగ్రికెంత, ఎన్ని పనిదినాలు అని రాసి. అన్నిచోట్లా సరిగ్గా ఉంటుందని నేను అనను, కానీ ఉండాలని రూలు ఉంది, లేకపోతే అడిగే హక్కు ఉంది. కాలువలో మట్టి తీసిన పనికి బోర్డు ఉండగా, తాగే నీళ్లు ఇచ్చే ప్లాంటుకి ఎందుకు ఉండకూడదు?

హోస్ట్: అది ప్రభుత్వం డబ్బు కదా, ఇది ప్రైవేటు డబ్బు. నా ఇష్టం, ఇస్తున్నాను, లెక్క నీకెందుకు చెప్పాలి అని దాత అంటే?

అతిథి: చట్టం మాట వేరు, మర్యాద మాట వేరు. ముందు చట్టం చూద్దాం. సీఎస్ఆర్ పూర్తిగా ఇష్టం మీద ఇచ్చేది కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చోటికి, ఆ చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మరి మన కోనసీమ కింద గ్యాస్ తీస్తున్నారు, మన పొలాల్లోంచి పైపులైన్లు వెళ్తున్నాయి. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపుతప్పి, ఆ బ్లోఅవుట్ రెండు నెలలకి పైగా మండింది, 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి మనుషులు పోయారు. ఆ నష్టం భరించిన నేల ఇది. ఇక్కడివాళ్లు మా చుట్టుపక్కల ఈ ఏడాది ఎంత పెట్టారు, దేని మీద పెట్టారు అని అడిగితే, అది దానం అడగడం ఎలా అవుతుంది?

హోస్ట్: కంపెనీలు వెబ్‌సైట్లో పెడతాయి కదా?

అతిథి: పెట్టాలి, రూల్స్‌లోనే ఉంది, సీఎస్ఆర్ పాలసీ, కమిటీ సభ్యులు, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే సీఎస్ఆర్ పోర్టల్లో కంపెనీ వారీగా, రాష్ట్రం వారీగా ఖర్చులు చూసుకోవచ్చు. చూడు, మంచిదే. కానీ అక్కడ కనపడేది ఇంగ్లీషులో ఒక వరుస, విద్య అని ఒక అంకె, ఆరోగ్యం అని ఒక అంకె. అల్లవరం మండలంలో ఒక డ్వాక్రా మహిళ దానిలోంచి తన ఊరి సంగతి ఎలా తెలుసుకుంటుంది? ఇక కుటుంబ ట్రస్టులు, ప్రైవేటు ఫౌండేషన్లు అయితే, ఎవరికి ఎంత ఇచ్చామో జాబితా జనం ముందు పెట్టాలనే నిబంధన కూడా మనకి లేదు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ ఏటా పన్నుల శాఖకి ఇచ్చే 990-పీఎఫ్ ఫారంలో గ్రాంటు తీసుకున్న ప్రతి సంస్థ పేరూ మొత్తమూ రాయాలి, దాన్ని ఎవరైనా చూడొచ్చు. బ్రిటన్‌లో 2015లో 360గివింగ్ అని మొదలుపెట్టి, గ్రాంట్ల వివరాలు అందరూ ఒకే పద్ధతిలో బయటపెట్టేలా చేస్తున్నారు, అక్కడ అది స్వచ్ఛందమే. మనకి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, చెయ్యాలనుకున్న ట్రస్టు ఈ నెలలోనే చెయ్యొచ్చు.

హోస్ట్: నాకొక అనుమానమక్కా. మన ఊళ్ల సంగతి మీకు తెలియంది కాదు. ఇన్ని లక్షలు వచ్చాయని బోర్డు పెడితే మర్నాడే ఒకాయన వచ్చి మావాడికి ఉద్యోగం ఇమ్మంటాడు, ఇంకొకాయన కాంట్రాక్టు నాకే కావాలంటాడు. దాచడానికి అదీ ఒక కారణమేమో.

అతిథి: నిజమే, ఒత్తిడి వస్తుంది, నేనూ పడ్డాను. కానీ దాస్తే ఏమవుతుందో కూడా చూశాను. అంకె తెలియనప్పుడు జనం అంకెని తయారుచేసుకుంటారు. ఐదు లక్షలు వస్తే అరకోటి అంట అంటారు, మిగతాది ఎక్కడికి పోయిందని అడుగుతారు. ఆ మాట పడేది ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న ప్రోగ్రామ్ మేనేజర్ కాదు, ఆ ఊరి కోడలై అక్కడే పనిచేస్తున్న మా కార్యకర్త. స్కూటీ కొనుక్కుంటే ప్రాజెక్టు డబ్బే అన్నారు, ఆ అమ్మాయి మూడేళ్లు చిట్టీ కట్టి కొనుక్కుంది. చిట్టీ పుస్తకం తీసుకొచ్చి చూపించాల్సి వచ్చింది. ఆరోజు నాకు చాలా కోపం వచ్చింది తమ్ముడూ. మా బడ్జెట్ పేజీ తెలుగులో గోడకి అంటించుకుంటామంటే, మాకు డబ్బిచ్చిన సంస్థ అది కాన్ఫిడెన్షియల్ అండి అంది. ఎవరి దగ్గర దాస్తున్నట్టు? ఎవరి పేరు మీద డబ్బు తెచ్చామో వాళ్ల దగ్గరే.

హోస్ట్: కానీ గోప్యత అవసరమైనవి కూడా ఉంటాయిగా?

అతిథి: ఉంటాయి, అక్కడ నేను చాలా గట్టిగా ఉంటాను. హెచ్ఐవీ ఉన్నవాళ్లు, ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లు, అప్పుల్లో ఉన్న కౌలు రైతులు, వీళ్ల పేర్లు, మొహాలు, ఊళ్లు బయటికి రాకూడదు. కానీ ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది, ఇచ్చినవాళ్ల వివరం గుట్టు, పుచ్చుకున్నవాళ్ల మొహం రట్టు. బియ్యం సంచీ చేతిలో పెట్టి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు, ఆ సంచీకి ఎంత ఖర్చు పెట్టారో, ప్రచారానికి ఎంత పెట్టారో చెప్పరు. దాత తన గురించి తెరిచి చెప్పాలి, సాయం పుచ్చుకున్నవాళ్లని తెరిచి చూపించమని నేను అడగట్లేదు.

హోస్ట్: ఓవర్‌హెడ్, అంటే ఆఫీసు నడిపే పాలనా ఖర్చు, ఆ మాట మీరు ఫోన్లో అన్నారు. అది కూడా కాస్త చెప్పండి, వినేవాళ్లలో చిన్న సంస్థలవాళ్లు ఉన్నారు.

అతిథి: చాలామంది మాతో, 5 శాతానికి మించి పాలనా ఖర్చు చట్టం ఒప్పుకోదండి అంటారు. 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ పని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చు మీద. ఊళ్లో పనిచేసే సంస్థ జీతాలకి, అద్దెకి ఆ లెక్క కాదు. 2021లో మంత్రిత్వ శాఖ ప్రశ్నలు-జవాబుల రూపంలో దీని మీద వివరణ కూడా ఇచ్చింది. విదేశీ నిధులకైతే వేరే రూలు, 2020 సవరణతో పాలనా ఖర్చు 50 నుంచి 20 శాతానికి తగ్గింది, ఒక సంస్థ తీసుకున్న డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా ఆగిపోయింది. ఇవన్నీ కలిపేసి చెప్పడంతో అకౌంటెంట్‌కి జీతం అడగడానికే మావాళ్లు జంకుతున్నారు. ఇది చట్టం, ఇది మా సొంత నిర్ణయం అని దాతలు విడదీసి చెప్తే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

హోస్ట్: అప్లికేషన్ తిరస్కరించినప్పుడు?

అతిథి: అసలు తిరస్కరిస్తే కదా! ఏడాది దాకా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ ఆశ మీద మేం ట్యూషన్ సెంటర్ మూసెయ్యకుండా అప్పు చేసి నడుపుతాం. మీ ప్రతిపాదన బాగోలేదు అన్నా ఫరవాలేదు, మీ జిల్లా మా జాబితాలో లేదు అన్నా ఫరవాలేదు, ఆ రెండు ముక్కలు నెలలో చెప్తే ఇంకో తలుపు తడతాం. ఇంకొకటి, వెళ్లిపోయే తేదీ. మూడేళ్ల ప్రాజెక్టు అయితే మొదటి రోజు గ్రామసభలోనే మూడేళ్లే అని చెప్పాలి. చెప్పకపోతే ఊరు శాశ్వతం అనుకుంటుంది, ఆగినరోజు మోసం అనుకుంటుంది.

హోస్ట్: ఇది మన జనానికి కొత్త సంగతా, లెక్కలు పదిమందిలో చదవడం?

అతిథి: కొత్త ఏముంది? డ్వాక్రా గ్రూపు మీటింగుకి రా. కింద గుండ్రంగా కూర్చుంటారు, పుస్తకాలు రాసే అమ్మాయి ఒక్కొక్కరి పొదుపు ఎంత, బాకీ ఎంత, ఈ నెల కిస్తీ ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని గట్టిగా చదువుతుంది. కట్టనివాళ్లు కారణం అందరి ముందూ చెప్తారు. చివర్లో తీర్మానం రాసి సంతకాలు. సరైన పుస్తక నిర్వహణ వాళ్ల పంచసూత్రాల్లో, అంటే గ్రూపు పాటించాల్సిన ఐదు నియమాల్లో, ఒకటి. సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలు ఊరివాళ్ల ముందే తనిఖీ చెయ్యడం, కూడా మన రాష్ట్రానికి కొత్త కాదు, 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో అది పెడితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దాన్ని పెద్ద ఎత్తున చేసింది, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. మండలంలో ప్రజావేదిక పెట్టి, కూలీ మైకు పట్టుకుని నాకు ఈ వారం డబ్బు పడలేదని చెప్తే, అధికారి అక్కడే జవాబు చెప్పాలి. ఫౌండేషన్ వాళ్లు ఏడాదికోసారి అలా వచ్చి కూర్చోవాలి. మేం చూపించే మంచి ఇళ్లు చూసి కారెక్కి వెళ్లిపోవడం కాదు, మైకు ఊరి చేతికి ఇచ్చి, మేం బయట ఉండగా, మా సంస్థ ఎలా చేస్తోందో, తాము ఎలా చేస్తున్నారో అడగాలి.

హోస్ట్: మీరు బయట ఉండగానా? భయం లేదా?

అతిథి: ఉంటుంది. అయినా మేం ఉంటే వాళ్లు నిజం చెప్పరు తమ్ముడూ, మొహమాటం.

హోస్ట్: వరదల విషయం ఒక్క మాట. 2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు మీరంతా తిరిగారు కదా.

అతిథి: గట్టు పక్క ఊళ్లకి పులిహోర పొట్లాలు, దుప్పట్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి, పడవ ఎక్కాల్సిన లంకలకి ఆలస్యంగా చేరాయి. ఇచ్చినవాళ్లలో ఎవరి తప్పూ లేదు, ఎవరికి వారు మంచి మనసుతోనే వచ్చారు, కానీ ఎవరు ఎక్కడికి ఏం తీసుకెళ్తున్నారో ఒకరికొకరు చెప్పుకోలేదు. అందరికీ కనపడే ఒక్క షీట్ ఉంటే సరిపోయేది.

హోస్ట్: చివరిగా, ఒక ట్రస్టు ఆయన ఇది వింటున్నారనుకోండి. రేపు ఆఫీసుకి వెళ్లగానే ఏం చెయ్యమంటారు?

అతిథి: పెండింగ్‌లో ఉన్న అప్లికేషన్లకి కారణంతో సహా జవాబు పంపమంటాను. ఆ తర్వాత, ఇప్పటికే డబ్బిచ్చిన ప్రతి చోటా ఆ శిలాఫలకం పక్కన ఇంకో బోర్డు పెట్టించమంటాను, తెలుగులో, పెద్ద అక్షరాలతో. మొత్తం ఎంత, దేనికెంత, ఎప్పటిదాకా, రిపేరు బాధ్యత ఎవరిది, కింద ఫోన్ నంబరు.

హోస్ట్: ఎవరి నంబరు? మీ సంస్థదా?

అతిథి: మాది ఎలాగూ ఊళ్లో అందరి దగ్గరా ఉంది. వాళ్లది రాయాలి, ఎత్తే నంబరు, తెలుగు మాట్లాడేవాళ్లు ఎత్తే నంబరు.