పాత అంబాసిడర్‌కు సీటు బెల్టు, సరైన టైర్లు

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో 1974 నాటి అంబాసిడర్ ఉంది. మార్క్ 2. నాన్నగారు కొన్నది. ముందువైపు సోఫాలా ఒకటే పొడుగాటి సీటు, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, ఎదురుగా ఇనప రేకు డాష్‌బోర్డు. చిన్నప్పుడు నాన్నగారికీ అమ్మకీ మధ్యలో కూర్చోవడం నాకు పండగ. ఒకసారి ఏలూరు దాటాక గేదె అడ్డం వస్తే నాన్నగారు బ్రేకు గట్టిగా తొక్కారు. అమ్మ చప్పున నాకు చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నన్ను ఆపింది. అమ్మను ఆపడానికి మాత్రం ఆ కారులో ఏమీ లేదు. నుదురు వెళ్లి డాష్‌బోర్డుకు కొట్టుకుంది, ఆరు కుట్లు పడ్డాయి. అప్పుడు మా వేగం నలభై కూడా లేదు.

ఆ కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజను బాగుచేయించక ముందే, రంగు వేయించక ముందే బెల్టులూ టైర్లూ చూసుకున్నాను. పాత కారును ప్రేమగా చూసుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. క్రోమియం తళతళలాడాలని, హారన్ పాతదే మోగాలని తపన పడతారు. లోపల కూర్చునే మనుషుల గురించి కూడా అంత తపనా పడాలని అడగడానికే ఈ రోజు మీ ముందుకొచ్చాను.

వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ నడుమునూ భుజాన్నీ కలిపి పట్టే మూడు బిగింపుల బెల్టును తయారుచేశాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆ పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద మన అంబాసిడర్ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైంది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఇద్దరూ ఒక ఈడువాళ్లే అన్నమాట. అయినా మన దేశంలో ముందు సీట్లకు బెల్టు పెట్టి తీరాలని తయారీదారులకు నిబంధన వచ్చేసరికి 1994 అయింది. అంతకు ముందు తయారైన కార్లను ఆ నిబంధన అడగదు. చట్టం అడగకపోయినా, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గోడకు గుద్దుకోవడమూ, మూడంతస్తుల మేడ మీంచి నేల మీద పడడమూ ఒకటే. పైగా పాత కార్లలో స్టీరింగ్ రాడ్డు ముడుచుకోదు, తిన్నగా గుండెకే గురిపెట్టి ఉంటుంది.

బెల్టు కొనడం తేలిక, బిగించడమే కష్టం. ఒక లెక్క చెబుతాను. 70 కిలోల మనిషి, 50 కిలోమీటర్ల వేగం, గుద్దుకున్నాక అర మీటరులో ఆగాడనుకోండి. ఆయన్ని పట్టి ఉంచడానికి బెల్టు మీద దాదాపు 1400 కిలోల బరువంత లాగుడు పడుతుంది. కారు అడుగు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. దానికి కన్నం పెట్టి బోల్టూ వాషరూ వేసి బిగిస్తే, ఆ లాగుడుకు బోల్టు కాగితాన్ని చించుకున్నట్టు రేకును చించుకుని బయటికొస్తుంది. బెల్టు ఉందన్న ధీమా ఉంటుంది, బెల్టు మాత్రం ఉండదు.

అందుకే రేకు అడుగు వైపున ఉక్కు పలక వెయ్యాలి. మూడు మిల్లీమీటర్ల మందం, అరచెయ్యంత వెడల్పు. మూలలు గుండ్రంగా అరగదీయించండి, లేకపోతే ఆ మూలే రేకును కోస్తుంది. బెల్టుతో వచ్చే బోల్టు సామాన్యంగా ఏడు బై పదహారు అంగుళాల సైజు, గట్టి ఉక్కుది. అది పోయిందని హార్డ్‌వేర్ షాపులో దొరికిన మామూలు బోల్టు వేయించకండి.

కన్నం పెట్టే ముందు కింద వేసిన చాపలన్నీ తీసి, స్క్రూడ్రైవరుతో రేకును పొడిచి చూడండి. మా కారులో డ్రైవరు వైపు రెండు చోట్ల లోపలికి దిగిపోయింది. పైన రంగు నిగనిగలాడుతోంది, కింద అంతా తుప్పే. ముందు ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించి, ఆ తర్వాతే పలక వేశాం. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని తెలిసిన పాతకాలపు టింకరింగ్ మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. డ్రిల్లు పట్టుకునే ముందు ఒక మనిషి కారు కిందికి దూరి చూడాలి. బ్రేకు గొట్టం, పెట్రోలు గొట్టం ఎటు పోతున్నాయో సుద్దముక్కతో గీసుకోవాలి.

మూడు బిగింపుల్లో రెండు కిందివి, ఒకటి పైది. పైది రెండు తలుపుల మధ్య స్తంభంలోకి వెళ్లాలి. ఆ స్తంభం లోపల డొల్ల. కాబట్టి లోపలి వైపున నట్టు అతికించిన పలక పెట్టి వెల్డింగ్ చేయించాలి. ఈ బిగింపు కూర్చున్న మనిషి భుజం కంటే పైనే ఉండాలి. కిందికి దిగితే, గుద్దుకున్నప్పుడు బెల్టు భుజాన్ని కిందికి నొక్కి వెన్నెముకను నలుపుతుంది. నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. గర్భిణులకైతే పొట్ట కింద నుంచి వెయ్యాలి. చీర కుచ్చిళ్లు, పైట మడతలు బెల్టు కింద ఉండలు కట్టకుండా ఒకసారి సవరించుకుంటే చాలు.

దానంతటదే చుట్టుకునే బెల్టు కావాలా, చేత్తో బిగించుకునేదా అని అడుగుతుంటారు. చుట్టుకునే దాని డబ్బాను కంపెనీ చెప్పిన కోణంలోనే పెట్టాలి. కాస్త వాలినా ఊరికే బిగుసుకుపోవచ్చు, లేదా బిగుసుకోవలసినప్పుడు బిగుసుకోకపోవచ్చు. పాత కారులో ఆ కోణం కుదరకపోతే చేత్తో బిగించుకునేదే నయం. అయితే బిగించుకున్నాక హ్యాండ్ బ్రేకు, లైట్ల స్విచ్చి చేతికి అందాలి. యాక్సిడెంటు అయిన కారు నుంచి తీసిన బెల్టు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఒకసారి ఆ లాగుడుకు సాగిన పట్టీ రెండోసారి మనల్ని కాపాడుతుందన్న నమ్మకం లేదు.

ఇంకో మాట. సీటే కదిలిపోతుంటే బెల్టు ఏం చేస్తుంది? సీటు పట్టాలు, బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో ఊపి చూడండి. నేను చిన్నప్పుడు కూర్చున్న ఆ మధ్య చోటులో ఇప్పుడు ఎవర్నీ కూర్చోనివ్వను.

యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021లో వచ్చింది. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదని దాని షరతు. బెల్టు పెడితే ఆ అర్హత పోతుందేమోనని కొందరు భయపడతారు. బెల్టు కోసం బాడీ ఆకారం మార్చక్కర్లేదు. కాసిని బోల్టులు, పలకలు అసలుతనాన్ని చెరుపుతాయని నేననుకోను.

ఇక టైర్ల సంగతి. మూడేళ్ల కిందట మే నెలలో ఒంగోలు దగ్గర మా వెనక టైరు పేలింది. చూస్తే గాట్లు కొత్త టైరుకున్నంత లోతుగా ఉన్నాయి. ఎక్కడో గోడౌనులో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరును కొత్తదని నాకు అమ్మారు. టైరు పక్కన ఒక చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. నాది చూస్తే పద్నాలుగేళ్ల పాతది. పాత కార్లు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగవు, టైరు అరగదు. రబ్బరు మాత్రం నిలబడ్డచోటే ఎండిపోతుంది. ఆరేళ్లు దాటితే ఏటా పగుళ్లు చూపించుకోండి. పదేళ్లు దాటితే గాట్లు ఎంత ఉన్నా తీసెయ్యండి.

అంబాసిడర్‌కు అప్పట్లో వచ్చినవి 5.90-15 సైజు నైలాన్ టైర్లు. వాటి లోపలి దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వెళతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా వెళ్లి, పైన ఉక్కు పట్టీ ఉంటుంది. అందువల్ల మలుపులో రేడియల్ రోడ్డును వదలదు, వేడెక్కడమూ తక్కువ. నాకైతే రోడ్డెక్కే కారుకు రేడియలే ఇష్టం.

సైజు ఎంచుకునేటప్పుడు చక్రం మొత్తం ఎత్తు కలవాలి. పాత టైరు ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. 175/80 ఆర్15 అనే రేడియల్ ఉంది, అంటే 175 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతం పక్క ఎత్తు, 15 అంగుళాల రిమ్ము. దానికి లెక్కేస్తే 66 వస్తుంది. అందం కోసం 205 వెడల్పువి వేయించుకుంటారు కొందరు. పాత రిమ్ము అంత వెడల్పును మోయలేదు, స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. టైరు మీద బరువు అంకె కూడా చూడండి. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. పాత రిమ్ములకు ట్యూబు తప్పదు. ఆ ట్యూబు రేడియల్‌కు పనికొచ్చేదిగా ఉండాలి. గాలి సంగతి కూడా జాగ్రత్త. రేడియల్ పక్కలు సహజంగానే కాస్త ఉబ్బి కనబడతాయి. గాలి తక్కువుందనుకుని పంచరు షాపు కుర్రాడు ఇంకో ఐదు పాయింట్లు కొట్టేస్తాడు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి చూడండి.

రెండు రకాలనూ ఎప్పుడూ కలపకండి. ముందు రేడియల్, వెనక నైలాన్ ఉంటే మలుపులో వెనక భాగం జారి బండి తిరిగిపోతుంది. అందుకే నాలుగు కాదు, ఐదు టైర్లు కొనండి. డిక్కీలో పాత నైలాన్ స్టెప్నీ అలాగే ఉండిపోతే, ఏ రాత్రో పంచరై దాన్ని బిగించుకుంటారు, ఇల్లు చేరేదాకా ఆ ఒక్క చక్రం మిగతా మూడింటికి ఎదురు తిరుగుతూనే ఉంటుంది.

సెలవు. నమస్కారం.