గోవిందు పేరున్న పువ్వు

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. రాబర్ట్ వైట్ గురించి మాట్లాడమని పిలిచారు, మాట్లాడతాను. కానీ నేను వచ్చింది ఆయన దగ్గర బొమ్మలు వేసిన ఇద్దరి కోసం. ముందే చెప్పేస్తున్నాను.

వైట్ 1796లో స్కాట్లాండులో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1819లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చాడు. ఎక్కడ పోస్టింగ్ వేస్తే అక్కడ మొక్కలు ఏరాడు. 1826లో మద్రాసు ప్రభుత్వం ఆయనకు నాచురలిస్టు ఉద్యోగం ఇచ్చి, రెండేళ్లకే ఆ ఉద్యోగాన్నే ఎత్తేసి నాగపట్నం పంపింది. మళ్లీ పటాలం డాక్టరే. అయినా మొక్కల పని వదల్లేదు. 1831లో సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు ఆయన వెంట సుమారు లక్ష ఎండు నమూనాలు ఓడెక్కాయి. 1834లో మిత్రుడు వాకర్-ఆర్నాట్‌తో కలిసి దక్షిణ భారత మొక్కల మీద పుస్తకం వేశాడు. తర్వాత కోయంబత్తూరులో అమెరికా పత్తి ప్రయోగాలు చూశాడు. ఆ పత్తి గొడవ పెద్ద కథ, ఇవాళ వద్దు.

ఇవాళ్టి విషయం 'ఐకోనెస్', అంటే వైట్ వేయించిన మొక్కల బొమ్మల పుస్తకం. 1838 నుంచి 1853 దాకా, ఆరు సంపుటాలు, 2101 బొమ్మలు. మద్రాసులో రాతి మీద అచ్చువేసినవి. అందులో కొన్ని రాక్స్‌బర్గ్ వేయించిన పాత చిత్రాలకు నకళ్లు. రాక్స్‌బర్గ్ అంటే వైట్ కంటే ముందు మన సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పుస్తకానికి బొమ్మలు వేసింది కూడా మనవాళ్లే. ఒక్కరి పేరూ అందులో లేదు. సామర్లకోట దారిన వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

వైట్ ఆ తప్పు చేయలేదు. ఆయన దగ్గర మొదట రంగయ్య, తర్వాత గోవిందు పనిచేశారు. తంజావూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు చిత్రకారుల కుటుంబాల వాళ్లని పరిశోధకులు భావిస్తున్నారు. ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో తెలియదు. ముఖాలు ఎలా ఉంటాయో తెలియదు. కానీ బొమ్మ కింద మూలన పేరు ఉంది.

పిల్లలూ, మీరు రికార్డులో మందార పువ్వు వేసేటప్పుడు ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు. వాళ్ల పని ఊహించండి. కొమ్మ వాడిపోయేలోపు ఆకు అంచు, ఈనె, కాడ మీది నూగు పట్టుకోవాలి. పువ్వు కోసి కేసరాలు లెక్కపెట్టాలి. అండాశయాన్ని అడ్డంగా కోస్తే ఎన్ని గదులున్నాయో చూసి, ఆవగింజంత దాన్ని అరచేయంత చేసి వేయాలి. ఒక్క కేసరం తప్పితే మొక్క కుటుంబమే మారిపోతుంది. ఇది చూసి వేసే పని మాత్రమే అనుకోకండి, తెలిసి వేసే పని. వైట్ పెట్టిన కొత్త పేర్లలో ఎన్నో ఈ బొమ్మల మీద నిలబడ్డాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను చదివిన కాలేజీలో ల్యాబ్ గోడల నిండా చార్టులు ఉండేవి. అవన్నీ మా అటెండర్ వేసినవే. బాబాయ్ అనేవాళ్లం. రాత్రి తాళం వేసే ముందు కూర్చుని, ఇండియన్ ఇంకుతో వేసేవాడు. ఒక చార్టు మూలన చిన్నగా సంతకం పెట్టాడు. తనిఖీకి ముందు రోజు పైఅధికారి ఒకాయన అది చూసి, చెరిపించమన్నాడు. బ్లేడుతో గీకి చెరిపింది నేనే. బాబాయ్ పక్కన నిలబడి చూశాడు, ఒక్క మాట అనలేదు. ఆ సంతకంలో ఏముందో నేను చదవనైనా లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆయన అసలు పేరు చెప్పమంటే నా దగ్గర లేదు.

అందుకే గోవిందు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళతాను. 1853లో వైట్ ఒక నేల ఆర్కిడ్‌కు ఆయన పేరే పెట్టాడు. ప్రజాతి (జీనస్) పేరు గోవిందూయియా. దొరల పేర్లు మొక్కలకెక్కే కాలంలో, జీతానికి బొమ్మలు వేసే మనిషి పేరు! ఆ పేరు నిలవలేదు. అదే ప్రజాతికి లిండ్లీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త ముందే ట్రోపిడియా అని పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు అన్నది మన శాస్త్రంలో నియమం. నియమం సరైనదే, నలభై ఏళ్లు నేనే పాఠం చెప్పాను. కానీ ఆ పేరు పర్యాయనామాల వరుసలో, అంటే వాడుకలో లేని పేర్ల జాబితాలో, పడి ఉండటం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

వైట్ ఆ 1853లోనే ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, 1872లో పోయాడు. గోవిందు తర్వాత ఏమయ్యాడో ఎవరూ రాయలేదు.

ఈ వృక్షశాస్త్ర విభాగం వారిని ఒకటే అడుగుతున్నాను. మీ ల్యాబ్‌లో, ఎండు మొక్కలు దాచే హెర్బేరియంలో ఉన్న ప్రతి చార్టు ఎవరు వేశారో ఈ నెలలోనే కనుక్కోండి. వేసినవాళ్లు రిటైరై ఉంటే ఇంటికి వెళ్లి అడగండి. నేనూ వస్తాను.

ఐకోనెస్ బొమ్మలు కొన్ని జిరాక్సు తీయించి తెచ్చాను. మొదటి వరుస నుంచి వెనక్కి పంపించండి. పువ్వును తర్వాత చూద్దురు గానీ, ముందు కింద మూల చూడండి.